సవరణ: బిడ్డ బరువు తగ్గితే తప్పు తల్లి తిండిదేనా?

"బిడ్డ తక్కువ బరువుతో పుట్టిందంటే తల్లి సరిగా తినలేదనే అర్థం" అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. తిండి చాలా కారణాల్లో ఒకటి మాత్రమే.

2.2 కిలోలతో పుట్టిన ఇద్దరు బిడ్డలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు 35 వారాలకే పుట్టారు. ఆ వారాలకు ఆ బరువు తగినదే, తొందరపడి వచ్చేశారంతే. రెండో బిడ్డ 39 వారాలు నిండాక పుట్టింది. అంటే కడుపులోనే ఎదుగుదల మందగించింది. అలాంటప్పుడు చాలాసార్లు కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయ (ప్లాసెంటా) దగ్గరే చిక్కు ఉంటుంది. తల్లికి బీపీ పెరిగి మాయకు రక్తం సరిగా అందకపోతే, ఆమె ఎంత తిన్నా బిడ్డకు చేరేది తక్కువే. పొగతాగడమూ అంతే: నికోటిన్ రక్తనాళాలను ముడుస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది.

రక్తహీనత, మలేరియా, కవలలు, కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం లేకపోవడం, మరీ చిన్న వయసులో గర్భం కూడా కారణాలే. వీటిలో కవలలకు ఎవరిని తిడతాం?

ఇంకో పొరపాటు. తక్కువ బరువంటే "2.5 కిలోలు, అంతకన్నా తక్కువ" అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 2,500 గ్రాములకు లోపు ఉంటేనే తక్కువ బరువు. సరిగ్గా 2,500 ఉంటే ఆ లెక్కలోకి రాదు.

పాత వాక్యాలు తీసేశాను. ఆ పోస్టును ఇంట్లో బాలింతకు చూపించినవాళ్లు దీన్నీ చూపించండి.