శాలువా కొరియర్‌లో వస్తోంది

"మీరు లేనిదే మేము లేము" అని మొదలయ్యే ఉత్తరం మీకెప్పుడైనా వచ్చిందా? వస్తే జాగ్రత్త పడండి. ఆ మాటతో మొదలైన కాగితం ఏదో ఒక పని అంటగట్టకుండా ముగియదు. మొన్న మా మాస్టారికి అలాంటి మెయిలొకటి వచ్చింది. పాపం ఆయన తెగ సంతోషించి, నాకు ఫోన్ చేసి, కామాలతో సహా చదివి వినిపించారు.

మాస్టారు ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన మనిషి. పేరు బయటపెడితే కోప్పడతారు. అందులో ఒక ‘లక్ష్మి’ ఉందని మాత్రం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కంప్యూటర్లో, ఫోన్లో తెలుగు సరిగ్గా కనబడేదాకా నిద్రపట్టని జబ్బు ఆయనకు ఇరవై ఏళ్ళుగా ఉంది. ఫలానా యాప్‌లో ‘స్త్రీ’ అని కొడితే ర ఒత్తు పక్కింటి అక్షరం కింద పడుతోందని ఎవడో అడుగుతాడు. మాస్టారు ఆ ఫాంటు విప్పి, ఒత్తు ఎక్కడ జారుతోందో వెతికి, స్క్రీన్‌షాట్ తీసి, దాని మీద ఎర్ర సున్నా చుట్టి, తయారుచేసినవాళ్ళకి బగ్ రాస్తారు. వాళ్ళు "మా దగ్గర బాగానే కనబడుతోంది" అంటారు. మళ్ళీ రాస్తారు. ఆర్నెల్లకి బాగవుతుంది. అడిగినవాడికి ఆ సంగతి చెబుతారు. అడిగినవాడు పలకడు. ఈలోపు వాడికి ఉద్యోగం మారింది, ఫోన్ మారింది, పెళ్ళి కూడా అయ్యుంటుంది.

ఈ జబ్బు మనవాళ్ళలో వంశపారంపర్యం. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చేరిన మనవాళ్ళు, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకునే ఆర్టీఎస్ పద్ధతిని కూర్చుకున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తర్వాత, ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే లేఖిని వచ్చింది. వీటిలో దేనికీ టిక్కెట్టు లేదు. ఇవాళ వాట్సాప్‌లో గుడ్మార్నింగు పద్యాలు పంపే ప్రతివాడూ ఈ బంతిలో ఉచితంగా భోంచేసి లేచినవాడే. ఎవరూ విస్తరి తీసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

సరే, సన్మానానికి వద్దాం. ఒక సంస్థ, పేరెందుకు లెండి, తన ‘కమ్యూనిటీ’లో జనం అడిగే సందేహాలకు ఎక్కువ జవాబులు చెప్పిన 37 మందిని ఏరి, ఆన్‌లైన్లో ఘనంగా సత్కరించాలని తీర్మానించింది. మాస్టారు నాకూ లింకు పంపారు. సాయంత్రం ఆరింటికన్నారు. ఆరింటికల్లా 37 మందీ ఇస్త్రీ చొక్కాల్లో సిద్ధం. కింద లుంగీ ఉన్న సంగతి మాస్టారి ల్యాప్‌టాప్ కాస్త వంగినప్పుడు లోకానికి తెలిసింది. నిర్వాహకుడు ఒక కుర్రాడు. "ముఖ్య అతిథి గారు జాయిన్ అవుతున్నారు" అని ఆరూ పదికి ఒకసారి, ఆరున్నరకి ఒకసారి చెప్పాడు. ఆరూ నలభైకి ముఖ్య అతిథి గారి నుదురు వచ్చింది. నుదురొక్కటే. తక్కినదంతా సీలింగు ఫ్యాను.

జ్యోతి ప్రజ్వలన చేయాలట. స్క్రీన్ మీద దీపపు సెమ్మె బొమ్మ పెట్టారు. ముఖ్య అతిథి గారు మౌసుతో నొక్కితే వత్తి వెలుగుతుంది. ఆయన నొక్కారు. ప్రెజెంటేషన్ మూసుకుపోయింది. కుర్రాడు మళ్ళీ తెరిచాడు, ఆయన మళ్ళీ నొక్కారు. ఈసారి బొమ్మలన్నీ దూకి వందన సమర్పణ వచ్చేసింది. "పర్లేదు సార్, వెలిగినట్టే" అన్నాడు కుర్రాడు. ప్రార్థన చేసిన అమ్మాయి మొదటి చరణమంతా మ్యూట్‌లో పాడింది. ఎవరూ ఆపలేదు. పెదాలు కదలడం చూస్తూ భక్తిగా కూర్చున్నాం.

ముఖ్య అతిథి గారు 22 నిమిషాలు మాట్లాడారు. "మీరంతా మా కుటుంబం" అన్నారు. నాకో సందేహం. కంపెనీలు జీతమిచ్చేవాళ్ళని ‘రిసోర్సు’ అంటాయి, ఇవ్వనివాళ్ళని కుటుంబం అంటాయి, ఎందుకంటారు? ఆ 22 నిమిషాల్లో ఆ 37 మంది చెప్పిన జవాబుల్లో ఒక్కదాని ప్రస్తావన రాలేదు. ఎవరు ఏం బాగుచేశారో ఆయనకి తెలిస్తే కదా.

తర్వాత అసలు ఘట్టం. "శాలువాలు కొరియర్‌లో పంపించాం. నేను పేరు పిలవగానే మీ ఇంట్లోవాళ్ళు మీకు కప్పాలి. వెంటనే స్క్రీన్‌షాట్ తీస్తాం" అన్నాడు కుర్రాడు. విచారిస్తే శాలువా చేరింది తొమ్మిది మందికి. మిగతావాళ్ళు "ఇంట్లో ఏది అందుబాటులో ఉంటే అది" కప్పుకోవచ్చని అప్పటికప్పుడు వెసులుబాటిచ్చారు. ఆ పావుగంటలో నేను చూసిన దృశ్యాలు చెప్పడానికి నోరు చాలదు. ఒకాయన తుండుగుడ్డతో సరిపెట్టుకున్నాడు. ఒకాయనకి భార్య తన పట్టుచీర మడతలు విప్పకుండా భుజం మీద పెట్టింది, ఫొటో అవగానే లాగేసుకుంది. హాస్టల్లో ఉన్న కుర్రాడికి రూమ్మేటు దుప్పటిని తల మీంచి కప్పాడు, చూస్తే సన్మానం జరుగుతున్నవాడిలా కాక చలిజ్వరం వచ్చినవాడిలా ఉన్నాడు. డాలస్‌లో ఒంటరిగా ఉంటున్న ఒకాయన, అక్కడ ఇంకా పొద్దున్నే, తనకు తానే జాకెట్టు తొడుక్కుని, తనకు తానే నమస్కారం పెట్టుకున్నాడు.

మాస్టారి పేరు వచ్చింది. అమ్మగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏవండీ, బీరువా తాళం ఎక్కడ పెట్టారు?" అనడం 37 ఇళ్ళలో వినబడింది. తాళం దొరికింది, శాలువా దొరికింది. "ఇది మనవడి అన్నప్రాశనలో పెట్టింది కదా, ఇది కప్పేస్తే వాళ్ళు కొత్తది పంపడం మానేస్తారేమో" అని ఆవిడ ఇంకో న్యాయమైన ప్రశ్న వేశారు. "మేడమ్, కొంచెం ఎడమకి జరగండి, సార్ కనబడట్లేదు" అన్నాడు కుర్రాడు. తర్వాత "చప్పట్లు!" అన్నాడు. 36 మందీ మ్యూట్‌లో చప్పట్లు కొట్టారు.

అప్పుడు స్క్రీన్ మీద సర్టిఫికెట్ పడింది. బంగారు అంచు, మూలల్లో నెమళ్ళు. మధ్యలో ఇలా ఉంది: "తెలుగు భాషకు చేసిన విశిష్‌ట సేవలకు గుర్‌తింపుగా శ్‌రీ లక్‌ష్‌మి..." అడుగున "కృతజ్‌ఞతలతో".

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో దాచుకునే పద్ధతి పేరు యూనికోడ్. యూనికోడ్‌లో ‘క్ష్మి’ అంటే క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరు ముక్కలు. వాటిని ఒకదాని కింద ఒకటి అతికించి చూపడం సాఫ్ట్‌వేర్ పని. ఆ పని రాని సాఫ్ట్‌వేర్ పొల్లుల్ని పొల్లులుగానే నిలబెడుతుంది. ఈ అతుకు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. మన ‘జ్ఞా’లో కంటికి కనబడని ఒక గుర్తు ఇరుక్కుంటే, ఆ మెసేజి తెరిచిన ఐఫోన్లో యాప్ కుప్పకూలిపోయేది. తెలుగు అనే భాష ఒకటుందని చాలా దేశాల పేపర్లకి ఆ వారమే తెలిసింది. ఆపిల్ ఆ నెల తిరక్కుండా 11.2.6 అని కొత్త వెర్షన్ తెచ్చి నయం చేసింది. మాస్టారు ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ వైద్యం చేస్తున్న రోగం ఇదే. అది ఆయన సన్మాన పత్రంలో, ఆయన పేరుకే వచ్చింది. స్క్రీన్ మీద మాస్టారు నవ్వుతూనే ఉన్నారు. కళ్ళజోడు మాత్రం ఒకసారి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

మర్యాద తెలియనిది మనవాళ్ళకే అనుకుంటే పొరపాటు. స్టాక్ ఓవర్‌ఫ్లోనే చూడండి. కోడు రాసేవాళ్ళు సందేహాలడిగితే తోటివాళ్ళు ఊరికే జవాబు చెప్పే సైటది. 2008లో మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతి తెలుగు ఇంట్లోనూ అందులోంచి కాపీ కొట్టిన అన్నమే ఉడుకుతోంది. అక్కడ జవాబు చెప్పినవాడికి కంచు, వెండి, బంగారు బ్యాడ్జీలిస్తారు. వరుసగా వంద రోజులు రోజూ తొంగిచూస్తే ‘ఫెనటిక్’ అని బంగారు బ్యాడ్జి! మనింట్లో ఎవరైనా అలా చేస్తే డాక్టరుకి చూపిస్తాం. కింద ‘థ్యాంక్స్’ అని కామెంటు రాయడం మాత్రం అక్కడ పద్ధతి కాదు, రాయొద్దని పెట్టెలోనే చెబుతారు. 2021లో ఆ సైటును ప్రోసస్ అనే కంపెనీ 180 కోట్ల డాలర్లకు కొంది. జవాబులు రాసినవాళ్ళకు బ్యాడ్జీలు భద్రంగా మిగిలాయి. 2024లో ఆ జవాబులన్నీ చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐకి అందించే ఒప్పందం కుదిరింది. అది నచ్చక కొందరు తాము రాసిన జవాబులు తామే చెరిపేయబోతే వాళ్ళ ఖాతాలను కొన్నాళ్ళు ఆపేశారు. కుటుంబంలో ఇలాంటివి మామూలే.

టీషర్టు సన్మానం ఇంకో రకం. డిజిటల్ ఓషన్ కంపెనీ ఏటా అక్టోబరులో, కోడు అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్సు ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చేది. ఉద్దేశం మంచిదే. 2020లో జనం ఒక దగ్గరి దారి కనిపెట్టారు. ఎవరిదో ప్రాజెక్టు తెరవడం, పరిచయం ఫైల్లో పేరు పక్కన ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని చేర్చడం, పంపడం. దారి చూపించిన వీడియో ఒకటి మన దేశంలోంచే బయల్దేరింది. ఆ మాట నిజంగా అమేజింగ్ ప్రాజెక్టు నడుపుతున్నవాడికి వందసార్లు అందింది. వాడు రాత్రంతా కూర్చుని ఆ పొగడ్తలను ఒక్కొక్కటే మూసేసుకున్నాడు. మొదటివారంలోనే నిర్వాహకులు రూలు మార్చాల్సి వచ్చింది.

డబ్బు సంగతి అడక్కండి. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్ తాళంకప్ప మీద ప్రపంచంలోని బ్యాంకులూ దుకాణాలూ ధీమాగా నిద్రపోయేవి. 2011 డిసెంబరు 31 రాత్రి, మనం కేకు తిని నిద్రపోతున్నప్పుడు, ఒకాయన అందులోకి కొత్త కోడు చేరుస్తున్నాడు. దాంట్లో ఒక తప్పు దొర్లింది. 2014 ఏప్రిల్లో అది హార్ట్‌బ్లీడ్ అని బయటపడ్డాక, ఇంత పెద్ద తాళానికి ఏడాదికి వచ్చే చందాలెంతా అని చూస్తే సుమారు 2,000 డాలర్లు. మా అపార్ట్‌మెంట్లో వినాయక చవితికి అంతకంటే ఎక్కువ వస్తుంది, లడ్డూ వేలం కాకుండానే.

ఎక్స్‌జెడ్ అని ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైళ్ళను కుదించి మూటకడుతుంది, సర్వర్లను నడిపే లినక్సు ఉన్నచోటల్లా ఉంటుంది. ఫిన్లాండ్‌లో లాసె కొలిన్ అనే ఒక్క మనిషి దాన్ని ఏళ్ళ తరబడి జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. 2022లో ఆయన మీదికి మెయిళ్ళు మొదలయ్యాయి. ఇంకా ఎందుకు కాలేదు, చేతకాకపోతే వేరేవాళ్ళకి అప్పజెప్పు అని. అలా సతాయించిన ఒక ఖాతా పేరు జిగర్ కుమార్, అది దొంగ ఖాతాయేనని తర్వాత అందరికీ అనుమానం. ‘అప్‌డేట్ ప్లీజ్’ అనేవాడికి ఏ దేశం పేరు పెడితే నమ్మకంగా ఉంటుందో దొంగలు కూడా కనిపెట్టేశారన్నమాట. కొలిన్ దాచుకోకుండా చెప్పాడు, మనసు బాగుండటం లేదని, ఇది జీతం లేని హాబీ పని అని గుర్తుపెట్టుకోమని. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకడు పక్కన చేరాడు. వాడు ఓపిగ్గా దిద్దుబాట్ల ప్యాచ్‌లు పంపి, బరువు పంచుకుని, నమ్మకం సంపాదించి, 2024 ఫిబ్రవరిలో అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

కోట్లకు పడగలెత్తిన కంపెనీలు ఆ మనిషి తీరిక వేళల మీద సర్వర్లు నడుపుకున్నాయి. నలిగిపోతున్నానని మనిషి చెబుతుంటే చెయ్యి సాయం పట్టింది ఎవరు? ఇల్లు దోచుకోవడానికి వచ్చినవాడు! పని ఎప్పటికవుతుందని అడిగేవాళ్ళు వేలమంది, ఏమయ్యా బాగున్నావా అని అడిగేవాడు లేడు. సిగ్గుగా లేదూ? రెండేళ్ళ కిందట మాస్టారికి శుక్లం ఆపరేషన్ అయింది. మూడు వారాలు జవాబివ్వలేదు. కట్టు విప్పాక మెయిలు తెరిస్తే మొట్టమొదట కనబడింది "ఈ ఫాంట్ డెడ్ ప్రాజెక్టా? టైమ్ వేస్టు" అన్న ముక్క. రాసినవాడు ఆ ముక్కను ఆ ఫాంటులోనే రాశాడు. వాణ్ణి నేనిప్పటికీ వెతుకుతున్నాను. దొరికితే శాలువా కప్పను.

సన్మానం అయిన రాత్రి తొమ్మిదింటికి మాస్టారికి కుర్రాడి నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. "సార్, ఈవెంట్ గ్రాండ్ సక్సెస్. చిన్న రిక్వెస్ట్. సర్టిఫికెట్లలో ఒత్తులు బ్రేక్ అయ్యాయి. ఈ విషయంలో మీరే ఎక్స్‌పర్ట్ కాబట్టి 37 సర్టిఫికెట్లూ కరెక్ట్ చేసి రేపు పదింటికల్లా పంపగలరు. మీ కమ్యూనిటీయే కదా సార్."

చేయొద్దని నేను ఫోన్లో అరిచాను. అమ్మగారు వెనకనుంచి ఇంకా గట్టిగా అరిచారు. "ఆ 36 మంది పేర్లూ పాపం అలా ఉండిపోతాయి కదయ్యా" అన్నారు మాస్టారు. రాత్రి రెండింటిదాకా కూర్చుని 37 పేర్లూ అతికించి, మూటకట్టి, పంపించి పడుకున్నారు.

పదీ పదికి జవాబొచ్చింది. "సార్, జిప్ ఫైల్ ఓపెన్ అవట్లేదు. అర్జెంట్. అప్‌డేట్ ప్లీజ్."

మాస్టారు స్క్రీన్‌షాట్ తీసి, ఎక్కడ నొక్కాలో అక్కడ ఎర్ర సున్నా చుట్టి పంపారు.