నూట నలభై శాతం రచయితలు

విద్య అనే ధనాన్ని దొంగలు ఎత్తుకుపోలేరనీ, రాజులు జప్తు చేయలేరనీ, పంచిన కొద్దీ అది పెరుగుతుందే తప్ప తరగదనీ మన పెద్దలు చెప్పారు. వాళ్లు ఆ మాటను నీతిగా చెప్పి ఊరుకున్నారు. దాన్ని అంకగణితంగా నిరూపించి, పట్టికగా అచ్చువేసి, దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ పంపిన ఘనత మాత్రం విశ్వవిద్యాలయ నిధుల సంఘమైన యూజీసీకే దక్కుతుంది. 2018లో ఆ సంస్థ ప్రకటించిన నియామక, పదోన్నతి నిబంధనల ప్రకారం సైన్సులో ఒక పరిశోధన పత్రానికి 8 మార్కులు, భాషల్లో, సామాజిక శాస్త్రాల్లో అయితే 10 మార్కులు. ఒక్కరే రాస్తే ఆ విలువంతా వారిదే. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగిలిన వారిలో ప్రతి ఒక్కరికీ 30 శాతం.

పాఠకులు ఇక్కడ కాసేపు ఆగి కూడిక చేయవలసిందిగా మనవి. ఇద్దరికి 140 శాతం. ఐదుగురికి 190. పదిమందికి 340. ఒంటరిగా ప్రయోగశాలలో కూర్చుని పత్రం రాసేవాడు దేశానికి 8 మార్కుల విజ్ఞానాన్ని మాత్రమే ఇస్తుండగా, అదే పత్రం మీద మరో తొమ్మిది పేర్లు చేర్చినవాడు 27.2 మార్కుల విజ్ఞానాన్ని సృష్టిస్తున్నాడు. అందుకోసం అతను వాడిన అదనపు ముడిసరుకు తొమ్మిది పేర్లు, ఎనిమిది కామాలు, ఒక 'మరియు' మాత్రమే. ద్రౌపది అక్షయపాత్రకైనా సూర్యుడి వరం కావలసి వచ్చింది.

ఈ ఏర్పాటులోని ఔచిత్యం గ్రహించలేని కొందరు దీన్ని అన్యాయమంటున్నారు. వారికి మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం సంగతి గుర్తు చేయాలి. వాళ్లమ్మాయి పెళ్లికి మనం వెయ్యినూటపదహార్లు చదివిస్తే మనబ్బాయి పెళ్లికి వాళ్లూ అంతకు తగ్గకుండా చదివిస్తారు, ఎవరికీ నష్టం లేదు. ఇద్దరు అధ్యాపకులు చెరో పత్రం రాసుకుని ఎవరి పేరు వారే పెట్టుకుంటే చెరి 8 మార్కులు. నీ పేరు నా దానిలో, నా పేరు నీ దానిలో అనుకుంటే చెరి 11.2. చదివింపుల్లో పెట్టింది మాత్రమే తిరిగొస్తుంది, ఇక్కడ వడ్డీ కూడా వస్తుంది.

నా అభిప్రాయాలు గాలిలోంచి పుట్టినవి కావని చెప్పడానికి మా మేనల్లుడి పత్రాన్ని సాక్ష్యంగా ప్రవేశపెడుతున్నాను. వాడు ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఇంకా థీసిస్ సమర్పించలేదు కనుక ఆ విశ్వవిద్యాలయం పేరు అడగవద్దు. చేపల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతకు పడిపోతుందో, అప్పుడు నీటిలో ఏ బాక్టీరియా పెరుగుతుందో రెండేళ్లపాటు లెక్క తీశాడు. ఆ రెండేళ్లూ వాణ్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపి, థర్మోకోల్ తెప్ప మీద చెరువు మధ్యకు తీసుకువెళ్లి, మీటరు తీగ నీళ్లలోకి దించుతుంటే టార్చిలైటు పట్టుకున్నది ఆ చెరువు కాపలా మనిషి. "బురద వాసన మారిందంటే మూడో రోజుకి చేప తేలతాది బాబూ" అని మావాడికి మొట్టమొదట చెప్పిందీ ఆయనే. ఆ మాటే పత్రంలో మూడు పేరాల చర్చగా, రెండు గ్రాఫులుగా రూపొందింది.

అచ్చయిన పత్రం మావాడు చూపించినప్పుడు నేను పేర్లు లెక్కపెట్టాను. ఆరు. మొదటిది మావాడిది, చివరిది గైడు గారిది. మధ్యలో శాఖాధిపతి, ఈ ఏడాది పదోన్నతి ఇంటర్వ్యూ ఉన్న గైడు గారి శ్రీమతి, గణాంకాలు చూసిపెట్టిన ఒక మిత్రుడు, ఆపైన మరొక పేరు.

"ఈయనెవరురా?" అన్నాను.

"తెలీదు మావయ్యా. ఫైనల్ వెర్షన్‌లో సార్ కలిపారు."

"అడగలేదూ?"

"అడిగాను. 'ఆయనా మనవాడేనయ్యా' అన్నారు."

కాపలా మనిషి పేరు కృతజ్ఞతల్లో పెడదామనుకున్నాడట కానీ, జర్నల్ వాళ్ల పదాల పరిమితి దాటిపోతుండడంతో ఆ వాక్యం ఎగిరిపోయింది. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మన ఊళ్లలో ఏ వంతెన దగ్గరైనా శిలాఫలకం చదవండి. మంత్రివర్యులు, ఎంపీ, ఎమ్మెల్యే, జెడ్పీ చైర్మన్ వరుసగా ఉంటారు. ఎవరి పేరు ఎవరి పేరుకు కిందికి వచ్చిందన్న దానిమీద ప్రోటోకాల్ రగడ కూడా జరుగుతుంది. తాపీమేస్త్రీ పేరు ఏ ఫలకం మీదైనా ఎవరైనా చూశారా? అయినా వంతెనలు నిలబడే ఉన్నాయి. అన్నీ కాకపోవచ్చు.

పీహెచ్‌డీ సమర్పించడానికి ముందే పత్రం అచ్చయి ఉండాలన్న నియమాన్ని యూజీసీ 2022లో తీసివేసిన మాట నిజమే. ఆ వార్త ఇంకా గైడు గారి గదిలోకి చేరలేదు.

రచయిత అంటే ఎవరన్న ప్రశ్నకు అంతర్జాతీయ నిర్వచనం లేకపోలేదు. వైద్య పత్రికల సంపాదకుల సంఘం నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలో గానీ సమాచార సేకరణ, విశ్లేషణలో గానీ చెప్పుకోదగిన పాత్ర ఉండాలి. రాతలో గానీ మేధోపరమైన దిద్దుబాటులో గానీ చేయి ఉండాలి. తుది ప్రతికి ఆమోదం తెలపాలి. రేపు ఏ తప్పు బయటపడినా జవాబు చెప్పాలి. నాలుగూ ఉంటేనే రచయిత. నిధులు తెచ్చినంత మాత్రాన, పైనుంచి పర్యవేక్షించినంత మాత్రాన కారు. ఈ నియమాలను మావాడి గైడు గారు ఎంతో గౌరవిస్తారు. మావాడికి సీటిచ్చి ఆ స్కాలర్‌ను పుట్టించిందే ఆయన కనుక ఆలోచన ఆయనదే. ఒక చోట 'ఈజ్' కొట్టేసి 'వాజ్' అని రాశారు కనుక దిద్దుబాటు ఉంది. ఆయన సంతకం లేనిదే ఏ పత్రమూ గడప దాటదు కనుక ఆమోదమూ ఉంది. నాలుగోది, అంటే తప్పుకు జవాబు చెప్పే బాధ్యత, మొదటి రచయిత చూసుకుంటాడు.

ఇలాంటి లోకజ్ఞానం అందరికీ ఉండదు. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ అనే రీడర్ హోదా అధ్యాపకుడు తన పత్రాన్ని ఐన్‌స్టీన్‌కు పంపి, బాగుందనిపిస్తే జర్మన్ పత్రికలో వేయించమని కోరాడు. ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి, పత్రికకు పంపి, చివర్లో అనువాదకుడిగా చిన్న మాట చేర్చి ఊరుకున్నాడు. రచయితగా ఒక్క బోస్ పేరే అచ్చయింది. అనువదించినవాడు, పంపినవాడు, సంపాదకుడికి సిఫారసు చేసినవాడు చివరి పేరుగా కూడా తనను వేసుకోలేదంటే, అంతటి మేధావికి యూజీసీ మార్గదర్శనం అందుబాటులో లేకపోవడం తప్ప మరో కారణం కనిపించదు. బోస్‌కూ నష్టమేమీ లేదు, వంద శాతం అతనికే మిగిలింది. కానీ విజ్ఞాన ప్రపంచానికి 40 శాతం నష్టం వచ్చింది.

ఈ విషయంలో అమెరికన్లు మనకంటే ముందున్నారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చెప్పే జాక్ హెథరింగ్టన్ 1975లో హీలియం-3 మీద ఒక పత్రం రాసుకున్నాడు. పత్రమంతా 'మేము గమనించాము', 'మేము లెక్కించాము' అని సాగింది. ఒక్కడే రాసి 'మేము' అంటే ఆ పత్రిక వాళ్లు ఒప్పుకోరని ఒక సహోద్యోగి హెచ్చరించాడు. అది టైపురైటర్ల కాలం, మార్చాలంటే మొత్తం మళ్లీ కొట్టాలి. ఆయన ఆలోచించి, ఇంట్లో పెంచుకుంటున్న చెస్టర్ అనే సయామీ పిల్లిని ఎఫ్.డి.సి. విలార్డ్ అన్న పేరుతో రెండో రచయితగా చేర్చాడు. ఫెలిస్ డొమెస్టికస్ చెస్టర్ అనేది ఇనిషియల్స్, విలార్డ్ అనేది పిల్లి తండ్రి పేరు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ దాన్ని అచ్చువేసింది. కొన్ని ప్రతుల మీద పిల్లి పంజా ముద్ర కూడా వేసి ఇచ్చారు. 1980లో ఆ పిల్లి పేరున ఒక్కరే రచయితగా ఫ్రెంచి వ్యాసం కూడా వచ్చింది. నిర్వచనం దృష్ట్యా చూస్తే చెస్టర్ పత్రం రాస్తున్నంత సేపూ ఆ ఇంట్లోనే ఉంది, ఏ వాక్యానికీ అభ్యంతరం చెప్పలేదు. మన పత్రాల్లో మధ్య వరుసలో ఉన్నవారు చాలామంది అంతకంటే చేసిందేమీ లేదు, పైగా వాళ్లు ఆ ఇంట్లో కూడా లేరు.

పేర్లు నిజంగానే పని చేసినవాళ్లవి అయినప్పుడు మాత్రం లెక్క మరీ చిత్రంగా ఉంటుంది. 2015లో యూరప్‌లోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో రెండు ప్రయోగ బృందాలు కలిసి హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశిని లెక్కగట్టిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో శాస్త్రానికి 9, పేర్లకు, సంస్థలకు 24. అంత పెద్ద యంత్రం అంతమంది లేకుండా నడవదు కనుక ఇందులో వ్యంగ్యానికి తావు లేదు. కానీ దీన్ని మన పట్టికలో వేసి చూడకుండా ఉండలేకపోయాను. మొదటివారికి 0.7, మిగిలిన 5,153 మందికి తలా 0.3. వెరసి ఒక్క పత్రం 1,546.6 పత్రాల విలువకు పెరిగింది. ఎవరి పేరు ఆ కణానికి పెట్టారో ఆ పీటర్ హిగ్స్ 1964 తర్వాత రాసిన పత్రాలు పదికి లోపే. విభాగం వారు ఈమధ్య ప్రచురించినవేమిటని అడిగితే 'ఏమీ లేవు' అని పంపేవాడినని, నేటి రోజుల్లో తనకు ఉద్యోగమే దొరికేది కాదని ఆయనే 2013లో చెప్పుకున్నాడు. బద్ధకస్తులకు నోబెల్ ఇచ్చే అలవాటు స్వీడన్ వారికి ఎప్పుడు పోతుందో తెలియదు.

సంఖ్యతో పాటు నాణ్యతను కూడా కొలవాలన్న వాదనకు 2005లో శాన్ డియేగోలోని హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్‌తో పరిష్కారం చూపించాడు. కనీసం పదేసిసార్లు ఇతరులు ప్రస్తావించిన పత్రాలు మీకు పది ఉంటే మీ సూచిక పది. ఒక మనిషి జీవితకాలపు కృషి ఒక్క అంకెలో ఇమిడిపోయింది. మా ఇళ్లలో సంబంధం చూసేటప్పుడు ఎత్తు, జీతం, గోత్రం తర్వాత ఇప్పుడు దీన్నీ అడుగుతున్నారు. ఆ అంకె ఎంత నిష్పాక్షికమైనదంటే, మనిషి ఉన్నాడా లేడా అన్న వివక్ష కూడా దానికి లేదు. 2010లో గ్రెనోబుల్‌లో సిరిల్ లాబే కంప్యూటరు చేత సుమారు వంద అర్థరహిత పత్రాలు రాయించి, ఒకదాన్నొకటి ప్రస్తావించేలా చేసి, ఐక్ అంట్‌కారే అనే లేని శాస్త్రవేత్తకు గూగుల్ స్కాలర్‌లో 94 సూచిక సాధించిపెట్టాడు. ఐన్‌స్టీన్ వెనకబడ్డాడు. 2024లో లారీ అనే పిల్లి పేరున ఇద్దరు పరిశోధకులు పన్నెండు బూటకపు పత్రాలు పెట్టి, వాటికి 132 ప్రస్తావనలు కూడగట్టి, అప్పటివరకు 107తో పిల్లుల్లో మొదటి స్థానంలో ఉన్న విలార్డ్‌ను దించేశారు. ప్రస్తావనలు అమ్ముకునే వ్యాపారం ఎంత సులువో చూపడం వారి ఉద్దేశం. పిల్లుల మధ్య కూడా పోటీ మొదలైందని మాత్రమే నాకు అర్థమైంది.

తెలుగువాళ్లకు ఈ కొలతల్లో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తాం, చివర ఉన్న 'రావు'ను ప్రపంచం ఇంటిపేరనుకుంటుంది. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒంటరిగా పత్రం రాసి గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన కల్యంపూడి రాధాకృష్ణారావు, క్రామర్–రావు అసమానత అనే సూత్రంలో ఒట్టి రావుగా మిగిలారు. పరిశోధకులకు తలా ఒకటిచ్చే పదహారంకెల ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య వచ్చేదాకా ఎవరి రావు ఎవరో డేటాబేస్‌లకు తెలిసేది కాదు. కొందరు రావులకు ఇది కలిసివచ్చిందని కూడా విన్నాను.

ఇంకొక రావు సంగతి చెప్పి ముగిస్తాను. యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించారు. మావాడి ల్యాబులో నేటికీ అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతే. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గడం చూసి, 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రకటించారు. కేన్సర్ మందుల చరిత్రలో అది తొలి మైలురాళ్లలో ఒకటి. పత్రం మీద ఐదుగురి పేర్లున్నాయి, సుబ్బారావు గారిది లేదు. మందు తయారుచేసినవాడు ఆ పత్రం రాయలేదు, దిద్దలేదు కనుక నాలుగు షరతుల ప్రకారం చూసినా ఉండనవసరం లేదు. అదే ఏడాది ఆగస్టులో ఆయన చనిపోయారు.

పత్రిక స్థాయిని చూపే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ తెచ్చే అదనపు మార్కులు పక్కన పెట్టి, యూజీసీ పట్టిక ముందు పెట్టుకుని, నిన్న రాత్రి లెక్క పూర్తిచేశాను. చెరువు కాపలా మనిషికి 0. అమినోప్టెరిన్ పత్రం మీద సుబ్బారావు గారికి 0. మావాడి పత్రంలో ఉన్న 'మనవాడి'కి 2.4. చెస్టర్‌కు 5.6.