ఒక చిట్టీ మీద ఇద్దరు రోగులు

దేవరకొండ దారిలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఓపీ గది ముందు బెంచీ నిండిపోగా మిగిలినవాళ్లు వేపచెట్టు నీడకు చేరారు. అరవై దాటిన ఒక ముసలావిడ కొంగు ముడి విప్పి, ఖాళీ అయిన గోలీల షీట్లు మూడు బల్ల మీద పెట్టింది. నెలకు సరిపడా ఇచ్చిన బీపీ మందు నెల తిరిగేసరికి సరిగ్గా అయిపోయింది. ఒక్కటీ మిగల్లేదు. బీపీ మాత్రం దిగలేదు.

ఇలాంటప్పుడు మోతాదు పెంచి రాస్తారు. పుస్తకం ప్రకారం అది తప్పూ కాదు. చదువు ముగించి రెండేళ్లయినా కాని ఆ డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పొద్దున ఏం తింటావు, గోలీ ఎప్పుడు వేసుకుంటావు అని అడుగుతూ పోయింది. అయిదో ప్రశ్నకో ఆరో ప్రశ్నకో అసలు సంగతి బయటపడింది. "సగం తుంచి ముసలాయనకు ఇస్తున్నాను బిడ్డా. ఆయనకూ బీపీ ఉందన్నారు." ముసలాయన ఆసుపత్రికి రాడు. వస్తే ఒక రోజు కూలి పోతుంది, ఆటో కిరాయి అదనం. అందుకని ఒకే ఓపీ చిట్టీ మీద ఇద్దరూ వైద్యం చేయించుకుంటున్నారు, చెరి సగం.

ఆ పూట మోతాదు పెంచి ఉంటే రిజిస్టరులో అంతా సవ్యంగానే ఉండేది. ఆ ఇంట్లో ఇద్దరికీ బీపీ అలాగే ఉండేది.

కుటుంబ వైద్యం అంటే అన్ని జబ్బులకూ కొంచెం కొంచెం మందు తెలిసి ఉండటమని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే ఆ అయిదారు ప్రశ్నలే కుటుంబ వైద్యం. దానికి మన దేశంలో చదువు లేకపోలేదు. వైద్యంలో పీజీ పరీక్షలు జరిపే నేషనల్ బోర్డు 1980ల నుంచే ఇందులో పరీక్ష పెడుతోంది, 2020లో రెండేళ్ల డిప్లొమా కూడా తెచ్చింది. ఇలాంటి డాక్టర్లు కావాలని 2002 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2017 విధానమూ చెప్పింది. పదిహేనేళ్ల తేడాతో ఒకే మాటను రెండుసార్లు రాసుకోవాల్సి వచ్చిందంటే, మధ్యలో ఎంత పని జరిగిందో ఊహించుకోవచ్చు.

ఈ తరం డాక్టర్లకు పల్లెలంటే పడదన్న మాట తరచూ వింటుంటాం. నేను నమ్మను. 2016 వరకు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. ఆ ఏడు మహబూబ్‌నగర్‌కు వచ్చింది. 2019లో నల్గొండ, సూర్యాపేటలకు, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రికి వచ్చాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019 నుంచే పాఠాలు నడుస్తున్నాయి. గురుకులాల్లో చదివి సీటు తెచ్చుకున్న పిల్లలు, నాన్న ముంబైకి వలస పోతే అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు ఇప్పుడు ఎంబీబీఎస్ తరగతుల్లో కూర్చుంటున్నారు. పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులే తర్వాత పల్లెల్లో నిలిచే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. విత్తనం మన దగ్గర ఉంది. అది మొలిచేందుకు తడి లేదు.

ఆ పిల్లలకు కళాశాలలో గుండె డాక్టరు కనిపిస్తాడు, ఎముకల డాక్టరు కనిపిస్తాడు. అయిదున్నరేళ్లలో ఒక్కసారి కూడా, నేను ఈ పనే చేస్తాను, ఇందులోనే ఎదుగుతాను అని చెప్పే కుటుంబ వైద్యుడు వాళ్లకు గురువుగా ఎదురుపడకపోవచ్చు. 2021-22 బ్యాచ్ నుంచి ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు ముగిసేదాకా వాళ్ల ఆరోగ్యాన్ని చూడాలన్న పద్ధతి వచ్చింది. మంచి ఆలోచన. ఫారాలు నింపి ఫొటోలు దిగడంతో సరిపెడితే మాత్రం ఆ ఇంటివాళ్ల పొద్దు దండగ.

డిగ్రీ చేతికొచ్చాక ఇంట్లో, పెళ్లిలో, చివరికి సొంత ఆసుపత్రి వరండాలోనూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "పీజీ ఎప్పుడు?" ప్రాథమిక కేంద్రం రైలు వచ్చేదాకా కూర్చునే వెయిటింగ్ హాలు అయిపోయింది. గ్రామీణ ప్రాంతంలో కొన్నేళ్లు పనిచేసిన ప్రభుత్వ డాక్టర్లకు పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా ఉంది. దాన్ని తప్పుపట్టను, ఎంతోమందికి అదే ఆశ. అయినా తమాషా చూడండి: ఊళ్లో పనిచేసినందుకు మనం ఇచ్చే బహుమతి ఊరు విడిచి వెళ్లే టికెట్టు.

దక్షిణ తెలంగాణకు ఇంకో చిక్కు ఉంది, పైకి అది అదృష్టంలా కనిపిస్తుంది. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే. ఆదిలాబాద్ లోపలి మండలానికి వెళ్లిన డాక్టరు అక్కడే ఉండక తప్పదు. ఇక్కడ పొద్దున విజయవాడ రహదారి ఎక్కితే పదికల్లా చేరొచ్చు, సాయంత్రం ఎల్బీ నగర్‌లో దిగొచ్చు. కాస్త డబ్బున్న రోగీ అదే దారిలో ఎదురు వెళ్తాడు. రాత్రి పూట ఊళ్లో మిగిలేది లేనివాళ్లు, వాళ్ల కోసం ఆర్‌ఎంపీ. అతను వచ్చే వైద్యంతోపాటు రాని వైద్యమూ చేస్తాడు, అవసరం లేని సెలైను ఎక్కిస్తాడు, స్టెరాయిడ్ సూది వేస్తాడు. ఈ మధ్య వైద్య మండలి దాడులు చేసి కేసులు పెడుతోంది. పెట్టాల్సిందే. కానీ అర్ధరాత్రి తలుపు తడితే లేస్తాడు. ఎవరింట్లో ఎవరికి ఏముందో ఇరవై ఏళ్లుగా తెలుసు. డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకుంటాడు. కుటుంబ వైద్యుడి లక్షణాల్లో చదువు తప్ప అన్నీ ఉన్నాయి. యువ డాక్టరుకు అసలు పోటీ కార్పొరేట్ ఆసుపత్రి అనుకుంటాం గానీ, ఊళ్లో ఉండిపోయిన ఈ మనిషే.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వెళ్తే ఉండిపోవడం ఎందుకు ముఖ్యమో ఇంకా బాగా అర్థమవుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్గొండ పేరే ఉంది. ఇలాంటి కీర్తి ఏ ఊరికీ రాకూడదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. వంగిన ఎముక మాత్రం నీళ్లు మారినందుకు సాగదు. మెడ తిప్పలేని నడివయసు మనిషికి, మోకాళ్లు బిగుసుకున్న ఆడమనిషికి ఏ ఆపరేషనూ ఆ రోగాన్ని వెనక్కి తిప్పదు. వాళ్లకు కావలసింది నొప్పిని ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండే డాక్టరు. నొప్పి గోలీలు రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎన్ని మింగుతున్నారో లెక్క తెలియాలంటే ఆ మనిషిని ఎరిగి ఉండాలి. పాలమూరు వలస కూలీకి క్షయ వస్తే ఆరు నెలల మందు. మూడో నెలలో పుణె బండి ఎక్కితే ఆ మందు ఏమవుతుందో అడిగేందుకు ఒకరుండాలి.

పెద్ద రోగానికి మనం డబ్బు పెట్టకపోలేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైంది మూడు జిల్లాల్లో, వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. ఆ పథకం ఎన్నో ప్రాణాలు నిలిపింది. అయితే పక్షవాతం వచ్చాక ఆసుపత్రి ఖర్చుకు లెక్క ఉంది. అది రాకుండా పదేళ్లు బీపీ కనిపెట్టిన డాక్టరు పనికి ఏ ప్యాకేజీలోనూ పేరు లేదు.

వేల్స్ బొగ్గుగని పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే కుటుంబ వైద్యుడు 1971లోనే దీన్ని సూత్రంగా చెప్పాడు: మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుంది. స్కాట్లాండ్‌లో అత్యంత పేద జనానికి వైద్యం చేసే వంద కేంద్రాల డాక్టర్లు 2009లో ఒక జట్టు కట్టారు, అందులో చాలావరకు గ్లాస్గోవే. జట్టుకు పెట్టుకున్న పేరు 'డీప్ ఎండ్'. మన బావుల్లో ఈత నేర్చినవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు, కాళ్లకు నేల తగలని వైపు. 2016లో వాళ్లు యువ డాక్టర్లను తీసుకుని, వారంలో కొంత సమయం ఓపీ నుంచి విడిపించి, చదువుకూ ఆ ప్రాంతానికి పనికొచ్చే ప్రయత్నాలకూ కేటాయించారు. త్యాగం చేయమని అడగలేదు. తోడునిచ్చారు, సమయమిచ్చారు.

మన దగ్గర 'సేవ' అన్న మాట పడగానే నాకు కొంచెం భయం. ఆ మాట అన్నాక క్వార్టర్సు తలుపుకు గడియ లేదని అడగడం మర్యాద కాదనిపిస్తుంది. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే అమ్మాయి భద్రత గురించి, నెల దాటినా రాని జీతం గురించి, ఆమె భర్త ఉద్యోగం గురించి అడగడం చిన్నతనమనిపిస్తుంది. పేదల కోసం పనిచేయాలన్న కోరిక నిజమైనదే. దాన్ని శాలువా కప్పి వదిలేస్తే రెండేళ్లలో ఆరిపోతుంది. ఏరియా ఆసుపత్రుల్లో కుటుంబ వైద్య డిప్లొమా సీట్లు తెరిచి, ప్రాథమిక కేంద్రంలో పనిచేస్తూనే చదివే వీలిచ్చి, ఆ డిగ్రీతో అక్కడే పదోన్నతి, జీతం పెరిగేలా చేస్తే ఉండిపోయేవాళ్లు ఉంటారు. అందరూ కాదు. నలుగురిలో ఒకరున్నా ఈ జిల్లాలకు అది చిన్న సంఖ్య కాదు.

ఆ ముసలాయన మూడో నెలలో వచ్చాడు. భార్య చేయి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పటికి ఆ డాక్టరమ్మ పీజీ కౌన్సెలింగ్‌కు వెళ్లిపోయింది. కుర్చీలో ఉన్న కొత్త డాక్టరు ఆయన పేరు అడిగి, వయసు అడిగి, కొత్త చిట్టీ మొదలుపెట్టాడు. గోలీని సగం తుంచిన కథ అతనికి ఏఎన్‌ఎం చెప్పింది. ఆమె పదకొండేళ్లుగా అక్కడే ఉంది.