ఈశాన్యంలో తడి

మన వైపు ఇంట్లో ఏ సమస్య వచ్చినా దానికో క్రమం ఉంది. ముందు తిట్టాలి, తర్వాత శాంతి చేయించాలి, ఆఖరికి అసోసియేషన్ మీటింగ్ పెట్టాలి. కుక్క ఇంట్లో పాసు పోయడం కూడా ఈ రాజ్యాంగానికి అతీతం కాదని బెజవాడ పటమటలోని మా అపార్ట్‌మెంట్ ఈ మధ్యనే నిరూపించింది.

మూడో అంతస్తులోని ఆ లాబ్రడార్ పేరు స్వీటీ. వయసు ఐదేళ్లు. పిల్లగా ఉన్నప్పుడు తప్ప ఇంట్లో చుక్క రాల్చిన చరిత్ర లేదు. అలాంటిది జూన్ నుంచి హాల్లో, సోఫా వెనక, మరీ ఘోరంగా దేవుడి గది గుమ్మం పక్కన మడుగులు కట్టడం మొదలుపెట్టింది. ఇంటాయనకు టెన్షన్, ఇంటావిడకు మైల.

మొదటి చర్యగా ఇంటాయన దాని ముక్కు పట్టుకుని ఆ తడిలో రుద్దారు. మన గృహ శిక్షాస్మృతిలో ఇంతకంటే పాత సెక్షన్ లేదు. స్వీటీ చెవులు వాల్చి, తోక ముడిచి, నేలచూపులు చూసింది. "చూశారా, తప్పు చేశానని దానికే తెలుసు" అని ఆయన అక్కడికక్కడే తీర్పిచ్చారు. ఈ మొహం గురించి 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు ఓ ప్రయోగం ప్రచురించారు. కుక్క ఆ మొహం పెట్టేది తప్పు చేసినందుకు కాదట, యజమాని కేకలేసినందుకట. ఏ పాపం ఎరగని కుక్కను తిట్టినా అదే మొహం పెట్టింది. లాకప్పులో పుచ్చుకునే వాంగ్మూలాల సంగతి తెలిసిన దేశానికి ఇది కొత్త విషయమేం కాదు.

అయితే శిక్షణ ఫలించలేదని మాత్రం అనలేం. మనుషులు చూస్తుండగా పాసు పోయడం ప్రమాదమని స్వీటీ శుభ్రంగా నేర్చుకుంది. అందుకే సోఫా వెనక్కి మారింది. ఇప్పుడు కిందికి తీసుకెళ్లినా ఇంటాయన ఎదురుగా పోయదు. బిగబట్టుకుని పైకొచ్చి, ఆయన టీవీ పెట్టాక పని కానిస్తుంది.

తర్వాతి వంతు ఫినాయిల్‌ది. ఇల్లంతా ఆస్పత్రి వాసన వచ్చేదాకా తుడిచారు. మన ముక్కుకు ఉచ్చ వాసన పోయింది, కుక్క ముక్కుకు పోలేదు. ఆ మరకను వాసనతో సహా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్లు పెంపుడు జంతువుల సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతాయి. కానీ సీసా ధర చూసి, కుక్క పాసుకు అంత మర్యాద అనవసరమని తీర్మానించారు.

ఇక సిద్ధాంతిగారు వచ్చారు. దిక్సూచి పెట్టి చూసి, దేవుడి గది దగ్గర తడి సరిగ్గా ఈశాన్యంలో పడుతోందని తేల్చారు. ఈశాన్యంలో నీళ్లుండాలని గృహప్రవేశం నాడు చెప్పింది కూడా ఈయనే. స్వీటీ విన్నదేమో. ఏదైతేనేం, గుమ్మానికి గుమ్మడికాయ కట్టించారు. దక్షిణ తాంబూలాలు ఘనంగానే ముట్టాయి.

"ఇది నీళ్లు ఎక్కువ తాగుతోందా అమ్మా?" అని అడిగింది మాత్రం పనిమనిషి ఒక్కతే. బాగా అలవాటైన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తే ముందు చేయించాల్సింది మూత్ర పరీక్ష. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, రాళ్లు కావచ్చు, కిడ్నీ కావచ్చు, షుగర్ కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ఆడకుక్కల్లో కొన్నింటికి నిద్రలో తెలియకుండానే కారిపోతుంది. దురదకు వాడే స్టెరాయిడ్ మాత్రలతో కూడా దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి. "కుక్కకు షుగరేంటండీ, విడ్డూరం కాకపోతే" అని ఇంటాయన నవ్వారు. ఆయనకు షుగరుంది. ఎట్టకేలకు పరీక్ష చేయిస్తే అన్నీ నార్మల్. ఆ రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ నిరుత్సాహపడ్డారు. రోగమైతే మాత్ర వేసి ఊరుకోవచ్చు కదా.

ఈలోగా అసోసియేషన్ మేల్కొంది. లిఫ్టులో వాసన వస్తోందని, కుక్కలు ఇకపై మెట్లు వాడాలని నోటీసు అంటించింది. పెంపుడు కుక్కలను లిఫ్టు ఎక్కనివ్వకుండా ఆపే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. కానీ మా సెక్రటరీగారు మార్గదర్శకాలు ఇచ్చే మనిషే తప్ప పుచ్చుకునే మనిషి కాదు. పౌర పరిశుభ్రత మీద మీటింగులో అరగంట మాట్లాడారు. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన నగరం దేశంలోనే మూడో ర్యాంకు కొట్టిందని గుర్తు చేశారు. వారు రోజూ సాయంత్రం ఏలూరు కాలువ గట్టున స్కూటర్ ఆపి, గోడవైపు తిరిగి నిలబడే చోటు నాకు తెలుసు. స్వీటీ కనీసం తన సొంతింట్లోనే పోస్తోంది.

ఇంతకీ జూన్‌లో ఏం జరిగింది? ఆ ఇంటబ్బాయి ఇంటర్‌లో చేరాడు. పదో తరగతి దాకా పొద్దున్నే ఐదున్నరకు, సాయంత్రం ఆడుకుని వచ్చాక, పడుకోబోయే ముందు కుక్కను కిందికి దించింది వాడే. ఇప్పుడు హాస్టల్లో ఉన్నాడు. స్టడీ అవర్స్‌లో బాత్రూముకు వెళ్లాలన్నా చెయ్యెత్తి పర్మిషన్ అడగాలట. స్వీటీకి చెయ్యెత్తే వీలు కూడా లేదు. ఇంటాయన ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, రాత్రి న్యూస్ చూశాక పదింటికి ఒకసారి దించుతారు. మధ్యలో పద్నాలుగు గంటలు. ఎదిగిన కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపుకుంటే గొప్ప. అందులోనూ మృగశిర వచ్చినా చల్లబడని మన బెజవాడ ఎండలకు అది గిన్నెలకు గిన్నెలు నీళ్లు ఖాళీ చేస్తోంది.

కుక్క పద్ధతి మారలేదు, ఇంటి పద్ధతి మారింది అని నేనన్నాను. అపార్ట్‌మెంట్లో ఇలాంటి మాటలకు ఆదరణ ఉండదు.

చివరికి ఓ ట్రైనర్‌ను పిలిపించారు. అతను కుక్కను వదిలేసి మనుషులకు క్లాసు పీకాడు. పొద్దున లేవగానే, తిన్నాక, ఎండ తగ్గాక, పడుకోబోయే ముందు దించాలన్నాడు. బయట పోసిన మరుక్షణమే మెచ్చుకుని బిస్కెట్ ముక్క పెట్టాలి, ఇంటికొచ్చాక పెడితే మెట్లెక్కినందుకు ఇచ్చారనుకుంటుందన్నాడు. లోపల పోస్తే నోరు మూసుకుని తుడవమన్నాడు. ఈ చివరి మాట ఇంటాయనకు అస్సలు నచ్చలేదు.

ఆ టైంటేబుల్ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, ఇంత క్రమశిక్షణ ఇళ్లల్లో కుదిరే పని కాదని తేల్చేశారు. ఇప్పుడు కుక్కల హాస్టళ్లకు ఫోన్లు చేస్తున్నారు. ఏసీయా, నాన్ ఏసీయా అని అడుగుతున్నారు.