మనోవ్యాధికి మందు ఎక్కడెక్కడుంది?

మా మేనత్తకు 2022 వేసవిలో ఒంట్లో బాగోలేకుండా పోయింది. మొదట అరికాళ్ళ మంటలన్నది. తర్వాత గుండె దడ, మెడ నొప్పి, అన్నం సహించకపోవడం. ఊళ్ళో ఆర్‌ఎంపీ రెండు సెలైన్లు ఎక్కించి బలం ఇంజక్షన్ చేశాడు. తగ్గలేదు. గుంటూరు తీసుకెళ్తే ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, మెడకు ఎంఆర్‌ఐ. ఏడు నెలల్లో నాలుగు ఆసుపత్రులు తిరిగారు. రిపోర్టులన్నీ ఒక బట్టల షాపు కవర్లో పెట్టి మామయ్య చంకలో పట్టుకుని తిరిగేవాడు. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే మాట: "ఏమీ లేదమ్మా, అన్నీ నార్మలే." ఆ మాటకి ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునేవారు. ఆవిడ మాత్రం ఇంకాస్త ముడుచుకుపోయేది. "ఏమీ లేదంటే నేను నాటకాలాడుతున్నట్టా?" అని ఒకరోజు నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడు నెలల్లో మా ఎవరి కంటికీ ఆనని సంగతి ఒకటుంది. అత్తయ్య వాకిట్లో ముగ్గు వేయడం మానేసింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి, చేయకూడని రోజులు తప్ప, తెల్లారేసరికి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టకుండా ఉండని మనిషి. కోడలు వేస్తోంది కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. ఏ స్కాన్‌లోనూ కనపడని జబ్బు ఆ ఖాళీ వాకిట్లో కనపడుతూనే ఉంది.

చివరికి ఒక బంధువు చెబితే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన రిపోర్టుల కవరు పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తుందమ్మా?" అత్తయ్య ఉలిక్కిపడినట్టు చూసింది. "మూడింటికండీ. ఇక పట్టదు." "పొద్దునపూట బరువుగా ఉంటుందా, సాయంత్రమా?" "పొద్దున్నేనండీ. సాయంత్రానికి కాస్త నయం." ఇంకో పది నిమిషాల తర్వాత ఆవిడ ఏడ్చింది. ఏడు నెలల్లో ఏడవడం అదే మొదటిసారి.

డిప్రెషన్ అనే మాట మనవాళ్ళ నోళ్ళలో బాగానే తిరుగుతోంది కానీ, జబ్బు మాత్రం ఆ పేరుతో మన ఇళ్ళలోకి రాదు. పుస్తకాల్లో కుంగుబాటు అని రాస్తాం. పల్లెలో ఎవరూ "నాకు కుంగుబాటుగా ఉంది" అనరు. నీరసం అంటారు, కాళ్ళు లాగేస్తున్నాయంటారు, ఒళ్ళంతా మంటలంటారు, "ఏదోలా ఉంది" అంటారు. అందుకే మొదటి ఏడాదంతా సెలైన్ల కింద, స్కాన్ల కింద, తాయెత్తుల కింద పోతుంది. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, దేనిమీదా మనసు పోకపోయినా, దానితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతిన్నా, నేనెందుకూ పనికిరాననిపిస్తున్నా అది జబ్బే. అలుసు చేయాల్సిన విషయం కాదు.

మనకో సామెత ఉంది, మనోవ్యాధికి మందు లేదని. మందే లేని కాలంలో పుట్టిన మాట అది, అప్పటికి సరిపోయి ఉంటుంది. ఇవాళ ఈ సామెతను రెండు పక్కల నుంచీ వాడుతున్నారు. ఒకరు "మందులతో ఏమవుతుంది, మనసు గట్టి చేసుకో" అంటారు. ఇంకొకరు హోలిస్టిక్ అనే బోర్డు తగిలించి, మాత్రలు మానేయమని, ఇరవై ఒక్క రోజుల కోర్సులో చేరమని అంటారు. సమగ్ర చికిత్స అంటే మాత్ర లేని చికిత్స అనే అర్థం జనంలో పాతుకుపోయింది. ఇది ప్రమాదకరమైన అపార్థమని నా అభిప్రాయం. సమగ్రం అంటే ఏదీ వదలకపోవడం. మాత్రను వదిలేసినా సమగ్రం కాదు, మాత్ర ఒక్కటే రాసి పంపేసినా కాదు. అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లోనే ఈ మాట చెప్పాడు: రోగిని చూసేటప్పుడు ఒంటిని, మనసును, ఆ మనిషి బతుకుతున్న సమాజాన్ని మూడింటినీ కలిపి చూడాలని. వైద్య కళాశాలల్లో ఆ పాఠం చెబుతూనే ఉన్నారు. రద్దీగా ఉండే ఓపీలో ఒక్కో రోగికి దక్కే నాలుగైదు నిమిషాల్లో అది ఎక్కడ కుదురుతుంది?

ముందు ఒంటి సంగతి. అత్తయ్యకు ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది. బీ12 తగ్గితే అరికాళ్ళు మండుతాయి, నీరసం వస్తుంది, మనసూ మందగిస్తుంది. నాలుగు ఆసుపత్రుల్లో అన్ని పరీక్షలు చేసినా ఆ ఒక్కటీ ఎవరూ చేయించలేదు. మానసిక వైద్యుడు చేయించాడు. తక్కువగా ఉంది. అంటే ఆవిడ మంటలు నాటకం కాదు, ఊహా కాదు. షుగర్ లేనివాళ్ళతో పోలిస్తే షుగర్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ దాదాపు రెండింతలు కనిపిస్తుందని చాలాకాలంగా తెలిసిన విషయమే. థైరాయిడ్ మందగించినా, రక్తం బాగా తగ్గినా, కాన్పు తర్వాత వారాల్లోనూ ఇలాగే ఉండొచ్చు. మనసు వైద్యం రక్తపరీక్షతో మొదలైందంటే ఆ డాక్టరు తన పని సరిగ్గా చేస్తున్నట్టే.

ఇక మాత్ర. డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్ రాశారు. పదో రోజుకే అత్తయ్య మానేసింది. వికారం పెరిగిందే తప్ప గుణం కనపడలేదంది. పక్కింటావిడ "అవి నిద్రమాత్రలు, అలవాటు పడతావు" అని భయపెట్టింది కూడా. ఈ మందులు నిద్రమాత్రలు కావు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. వికారం లాంటివి మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తాయి. అంటే ముందు ఇబ్బంది, తర్వాత మేలు. చీటీ రాసిచ్చేటప్పుడు ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆవిడ మానేసేది కాదు. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని, ఒక్కసారిగా ఆపకూడదని చెప్పేవాళ్ళు ఎంతమంది?

2022లోనే బ్రిటన్ వైద్యురాలు జొవానా మాంక్రీఫ్, ఆమె సహచరులు ఒక పరిశీలన ప్రచురించారు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి గట్టి ఆధారం లేదని అందులో తేల్చారు. "మందులన్నీ మోసమే" అంటూ అది వాట్సాప్‌లో తిరిగింది. ఆ పరిశీలన చెప్పింది అది కాదు. జబ్బు ఎందుకొస్తుందన్నది ఒక ప్రశ్న, మందు పనిచేస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నకు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో జవాబు ఉంది. 522 ప్రయోగాలను, లక్ష మందికి పైగా రోగులను కలిపి చూస్తే, పరిశీలించిన 21 మందులూ మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. ఆ మెరుగు సగటున మరీ పెద్దది కాదు. ఇదీ దాచకుండా చెప్పాలి. జబ్బు ముదిరిన మనిషికి మాత్ర లేకుండా లేచి కూర్చునే ఓపికే రాదు. అలాగని ఓపిక వచ్చాక ఏం చేయాలో మాత్ర చెప్పదు. ఇంకో జాగ్రత్త: కొందరికి కుంగిపోవడంతో పాటు మధ్యలో విపరీతమైన హుషారు, నిద్రే అక్కర్లేని రోజులు ఉంటాయి. అలాంటివాళ్ళకు ఈ మాత్రలు ఒంటరిగా ఇస్తే బెడిసికొట్టొచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదనేది అందుకే.

ఏం చేయాలో చెప్పింది ఆ క్లినిక్‌లో కూర్చునే కౌన్సెలర్ అమ్మాయి. వాకింగ్‌కి వెళ్ళండి, పాజిటివ్‌గా ఉండండి అనలేదు. "ముందు ఏ పనంటే ఇష్టంగా ఉండేది పిన్నీ?" అనడిగింది. ముగ్గు సంగతి అక్కడ బయటపడింది. "రేపు ముగ్గు వద్దు, కళ్ళాపి చల్లి లోపలికి వచ్చేయండి చాలు" అంది. వారం అదే. రెండో వారం నాలుగు చుక్కలు. మనసు బాగుంటే ముగ్గు వేస్తామనుకుంటాం మనం. ఈ జబ్బులో మనసు బాగయ్యేదాకా ఆగితే వాకిలి ఖాళీగానే ఉండిపోతుంది. చెయ్యి ముందు కదిలితే మనసు వెనకాల వస్తుంది, చాలా నెమ్మదిగా.

ఇది ఆ అమ్మాయి సొంత చిట్కా కాదు, పరీక్షకు నిలిచిన పద్ధతి. గోవాలో సంగత్ సంస్థ, వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని చేసి చూపించారు. డాక్టర్లు కాని, సైకాలజీ చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిదిసార్లు మాట్లాడించారు. 2017లో వచ్చిన ఫలితాల్లో, మూడు నెలలకు ఇలా మాట్లాడించినవాళ్ళలో 64 శాతం మంది కోలుకుంటే, మామూలు వైద్యం అందినవాళ్ళలో 39 శాతమే కోలుకున్నారు. మన దేశంలో లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేని మాట నిజమే. ఆ మాట చెప్పి చేతులెత్తేసే అవకాశం మాత్రం గోవా తర్వాత ప్రభుత్వాలకు లేదు.

ఇంకా దూరం వెళ్తే జింబాబ్వే. అక్కడి షోనా భాషలో డిప్రెషన్‌కు నేరుగా మాట లేదు. కుఫుంగిసిస అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. "మీ అత్తకి ఆలోచన ఎక్కువైంది" అని మా ఊళ్ళో అన్నదీ ఇదే. రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో క్లినిక్‌ల ఆవరణలో చెక్కబెంచీలు వేయించి, వాటిమీద అమ్మమ్మల వయసున్న ఆరోగ్య కార్యకర్తలను కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళతో వాళ్ళ భాషలోనే మాట్లాడి, ఉన్న సమస్యల్లో ఒక్కటి ఎంచుకుని, దానికి ఏం చేయగలరో వాళ్ళచేతే తేల్చడం వాళ్ళ పని. పదేళ్ళ తర్వాత జరిపిన పరీక్షలో ఇది మామూలు వైద్యం కంటే ఎంతో బాగా పనిచేసిందని తేలింది. మన ఆశా కార్యకర్తకు ఊళ్ళో ప్రతి ఇల్లూ తెలుసు. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో కూడా తెలుసు. గర్భిణుల లెక్క, టీకాల లెక్క, సర్వేల లెక్క ఆమె మీద వేసి, వినే పనికి మాత్రం సమయం, జీతం రెండూ ఇవ్వలేదు.

ఒక్క సమస్య ఎంచుకోమన్న మాట దగ్గరే అత్తయ్య కథ మలుపు తిరిగింది. "దడ ఏ రోజుల్లో ఎక్కువ?" అని కౌన్సెలర్ అడిగింది. అత్తయ్య కాసేపు లెక్కపెట్టుకుని, "ప్రతినెలా ఏడు నుంచి పది" అంది. పదో తారీఖు డ్వాక్రా గ్రూపు మీటింగ్, కిస్తీ కట్టే రోజు. మామయ్య నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను తినేసిన ఏడాది అది. అత్తయ్య నానుతాడు బ్యాంకులో తాకట్టు, ఆవిడ పేరున గ్రూపు లోను, వడ్డీ వ్యాపారి దగ్గర నోటు. ఈసీజీ తీసిన ఏ డాక్టరూ తారీఖు అడగలేదు. అడగాలని వాళ్ళకెవరూ నేర్పి ఉండరు.

అప్పు, భూమి, తాగుడు, ఇంట్లో కొట్టడం, ఇష్టంలేని పెళ్ళి, ర్యాంకుల ఒత్తిడి లాంటివాటిని ఇంటి సమస్యలని వైద్యానికి అవతల నెట్టేస్తాం. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు నగదు బదిలీ పథకం అమలైన ప్రాంతాల్లో ఆత్మహత్యలు దాదాపు 18 శాతం తగ్గాయని 2019లో ప్రచురితమైన అధ్యయనం లెక్కగట్టింది. అక్కడ ఎవరికీ మాత్ర ఇవ్వలేదు, చేతిలో కాసిని డబ్బులు పెట్టారు. కౌలు రైతుకు బ్యాంకు అప్పు అందాలన్నా, పంట నష్టానికి పరిహారం అందాలన్నా కార్డు కావాలి. ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ కార్డుకు భూ యజమాని ఒప్పుకోలును షరతుగా పెట్టింది. యజమాని సంతకం పెట్టడు. మామయ్యకు కార్డు రాలేదు. ఆ సంతకానికీ అత్తయ్య గుండె దడకూ సంబంధం ఉందంటే కొందరికి అతిగా అనిపించొచ్చు. పదో తారీఖున ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళకు అనిపించదు.

గుడి, దర్గా, యోగా సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళు ముందు వెళ్ళేది అక్కడికే కాబట్టి. నాకు వాటిమీద చిన్నచూపు లేదు. శుక్రవారం గుడికి వెళ్ళి నలుగురిలో కూర్చుని వస్తే అత్తయ్య ఆ పూట అన్నం తినేది. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 'దవా-దువా' పేరుతో ముజావర్లే భక్తులను పక్కనున్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. మొక్కు మానమనలేదు, మందూ మానమనలేదు. నా తగాదా మందు మాన్పించేవాళ్ళతోనే.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో జరిగింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని అందులో తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్సను హక్కుగా ప్రకటించింది, ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 పనిచేస్తోంది, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందా అని మనవాళ్ళను నేరుగా అడగడానికి భయపడతాం. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల నలుగుతున్నది బయటికి చెప్పే దారి దొరుకుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయాలి, లేదా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో ఇప్పుడు బీపీ చూస్తున్నారు, షుగర్ చూస్తున్నారు. ఆ పక్కనే రెండు ప్రశ్నలు అడగొచ్చు: గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? అవునంటే ముందుకు పంపాలి. ఖర్చు లేని పని ఇది. ఏడు నెలల ముందు ఎవరో ఒకరు ఈ రెండూ అడిగి ఉంటే ఆ ఎంఆర్‌ఐ డబ్బులు నాలుగు కిస్తీలకు సరిపోయేవి.

అత్తయ్య పాడి గేదెను అమ్మి వడ్డీ వ్యాపారి నోటు తీర్చారు. గ్రూపులో మాట్లాడితే కిస్తీకి గడువు పెంచారు. ఆ మాట అడగడానికి ఆవిడ మూడుసార్లు వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చింది. నానుతాడు ఇంకా బ్యాంకులోనే ఉంది. బీ12 కొనసాగుతోంది, మళ్ళీ మొదలుపెట్టిన మాత్రను ఇప్పుడు సగానికి తగ్గించారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి రోజు మామయ్యను లేపుతుంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుంటారు. అంతకుముందు లేపేది కాదు.