శిల్పం బాగుంది సరే, అతుకు సంగతి?

అక్కాతమ్ముళ్లు అట్టపెట్టెలు, ఇనుప తీగ, పాత పేపర్లతో చేసిన శిల్పాల ప్రదర్శన గురించి మీరు వ్యాసం రాశారు, బాగుంది. కానీ అవి నిలబడేదెలాగో ఒక్క ముక్కా లేదు.

అట్ట లోపలి ముడతలు నిలువుగా ఉంటేనే బరువు మోస్తుంది, అడ్డంగా పెడితే నలిగిపోతుంది. అట్ట పొరలు ఒకదాని మీద ఒకటి అతికించేటప్పుడు మాత్రం, వంగకుండా ముడతలు ఒకదానివి నిలువు, తర్వాతిదానివి అడ్డం. పేపరు ఒకవైపే అంటిస్తే ఆరుతూ ముడుచుకుని అట్టను తనవైపు లాగేస్తుంది కాబట్టి రెండో వైపూ అంటించాల్సిందే. తెల్ల జిగురు 2 వంతులకు నీళ్లు 1 వంతు. ఒక్క రోజులో 3 పేపరు పొరలు మించితే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల బూజు పడుతుంది. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మైదా జిగురు చవకే గానీ పురుగులకు విందు.

తీగ జింకు పూత ఉన్నదే కావాలి. మామూలుదైతే జిగురు తడికే తుప్పు పట్టి, తెల్లరంగు మీదికి గోధుమరంగు మరక ఉబికి వస్తుంది. మీద ఇంకో పూత వేసినా మళ్లీ తేలుతుంది.

ఇద్దరు కలిసి చేసేచోట అసలు తంటా అతుకు దగ్గరే. (పికాసో 1942లో సైకిలు సీటు, హ్యాండిల్‌తో చేసిన ఎద్దు తలలో ఉన్నవి రెండే వస్తువులు, అదృష్టవంతుడు!) ఎవరి సగం వాళ్లు తెచ్చి హాల్లో గ్లూగన్‌తో (జిగురును కరిగించి వదిలే పరికరం) అంటిస్తే, దగ్గర పెట్టిన లైటు వేడికి మెత్తబడి జారుతుంది. రెండు సగాల్లోనూ ముందే చెక్కముక్క పొదిగి, 6 మి.మీ. బోల్టుతో బిగించాలి. వార్నిష్ కూడా ఇద్దరూ ఒకే డబ్బాలోది వాడాలి. లేదంటే కొన్నాళ్లకు ఒక సగం పసుపు తిరిగి అతుకు గీత బయటపడుతుంది.