పాలిప్ పంచాంగం

మా బావగారి పెద్దపేగులో రెండు పాలిప్స్, అంటే లోపలి పొర మీద మొలిచే బుడిపెలు, కనిపించాయి. ఒక్కోటి అయిదు మిల్లీమీటర్లు. అప్పటికప్పుడు కత్తిరించేశారు. బయాప్సీలో మామూలు ట్యూబులర్ అడినోమా అని తేలింది, అంటే క్యాన్సర్ కాదు గానీ వదిలేస్తే ఏళ్ల తర్వాత అటు తిరగొచ్చు. ఇక తేలాల్సింది ఒక్కటే, మళ్లీ కొలనోస్కోపీకి, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడడానికి, ముహూర్తం ఎప్పుడు?

అమెరికా నిపుణుల సంఘాలు 2020లో వేసిన పంచాంగం ప్రకారం 7 నుంచి 10 ఏళ్లకు. అదే ఏడాది వచ్చిన బ్రిటన్ పంచాంగంలో బావగారికి ముహూర్తమే లేదు. రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మలపరీక్ష కిట్టుతో సరి. ఉగాది ఏరోజో తేల్చుకోలేని మనం వాళ్లను తప్పుపట్టలేం. బావగారు వెళ్లిన ఆసుపత్రి సిద్ధాంతం మాత్రం స్పష్టం: ఏటేటా చేయించాలి, ఈ నెలాఖరులోపయితే ప్యాకేజీ మీద తగ్గింపు.

పాలిప్స్ ఎన్ని, పది మిల్లీమీటర్లు దాటాయా, మైక్రోస్కోపు కింద ఏ రకం, ఆరోజు పేగు శుభ్రంగా ఉందా అని లెక్కలేసే డాక్టర్లూ ఉన్నారు. పాతకాలం వాళ్లు. పాలిప్‌ని కొలవడం దేనికండీ? ఇన్సూరెన్స్‌ని కొలవండి, అబ్బాయి ఏ దేశంలో ఉన్నాడో అడగండి, తోడల్లుడు చేయించుకున్నాడేమో కనుక్కోండి. రోగి చేతిలో ఉన్న ముహూర్తం కూడా ఒకటుంది. పరీక్షకు ముందు పీచు తినొద్దన్న రోజున గోంగూర పప్పు తింటే లోపల చూపు ఆనదు, ఏడాదిలోపే మళ్లీ రమ్మంటారు. ఈ యోగం కూడా బావగారికి ఒకసారి పట్టింది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది వేరే జాతకం. రక్తం పడుతుంటే మొలలనుకుని ఏడాదిపాటు మజ్జిగ తాగాడు. చివరికి సర్కారు దవాఖానాలో మూడు అడినోమాలు తీశారు, అందులో ఒకటి పదిహేను మిల్లీమీటర్లు. అమెరికా, బ్రిటన్ గొడవపడకుండా ఒకే మాట మీదకొచ్చే జాతకమిది: మూడేళ్లకు మళ్లీ చూడాలి. చీటీ మీద అదే రాసిచ్చారు. ఆ చీటీ రేషన్ కార్డుతోపాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు అయిదో ఏడు. కవరుంది, రేషన్ కార్డుంది, చీటీ లేదు. ఫోను చేసి పిలిచినవాళ్లూ లేరు.

బావగారికి మాత్రం ఆసుపత్రి నుంచి నెలనెలా మెసేజ్ వస్తుంది. నిన్న మూడోసారి పరీక్షకు ముందు పేగు కడిగే విరేచనాల పొడి కలుపుకుని, ముక్కు మూసుకుని గ్లాసు తర్వాత గ్లాసు తాగారు. లిఫ్టు పాడయింది కాబట్టి ఆ పొడి కలపడానికి నీళ్ల టిన్ను నాలుగో అంతస్తుకు భుజాన మోసుకొచ్చింది వాచ్‌మనే.